పొలం గట్టు మీద సోల్డరింగ్: కిట్ గురించి అపోహలు, వాస్తవాలు

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు మా సోల్డరింగ్ పని షాపులో కంటే బయటే ఎక్కువ. బోరు మోటారు స్టార్టర్ బోర్డు, ఊళ్లో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు కంట్రోల్ బోర్డు, సోలార్ పంపు, ఇంట్లో ఇన్వర్టర్. ఈ పనిలోకి కొత్తగా దిగే పిల్లలు "అన్నా, ఏ కిట్ కొనమంటవ్?" అని అడుగుతుంటారు. అప్పటికే ఆన్‌లైన్‌లో అరవై వస్తువుల డబ్బా ఒకటి చూసి పెట్టుకుని ఉంటారు. ముందు తేల్చుకోవాల్సినవి రెండే. సోల్డరింగ్ ఐరన్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? వేడి జాయింట్‌కు ఎంత త్వరగా చేరుతుంది? ఈ రెండూ తేలితే సంచిలో సగం సామాను దానంతటదే తగ్గిపోతుంది.

అపోహ: బోరు దగ్గర కరెంటు ఉంటుంది కదా, మామూలు 25 వాట్ల ఐరన్ చాలు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఈ మాట ఇంకా ఎక్కువైంది. కరెంటు ఉంటుంది, నిజమే. కానీ ఏ కరెంటు? స్టార్టర్ డబ్బాకు వచ్చేవి మూడు ఫేజులు. 230 వోల్టులకు కావాల్సిన న్యూట్రల్ వైరు చాలా చోట్ల అక్కడిదాకా రాదు. రెండు ఫేజుల మధ్య ఉండేది 415 వోల్టులు. 230 వోల్టుల ఐరన్‌ను వాటి మధ్య పెడితే 25 వాట్లది 80 వాట్ల దాకా లాగుతుంది, కాసేపట్లో ఎలిమెంట్ పోతుంది. ఇక కొందరు ఒక ఫేజు, ఒక ఎర్త్ రాడ్ పట్టుకుని బల్బు వెలిగించినట్టే ఐరన్ కూడా వేడి చేస్తారు. ఎర్త్ సరిగా లేకపోతే ఆ రాడ్‌కు, దానికి కలిసిన ఇనుప డబ్బాకు కరెంటు ఎక్కుతుంది. తడి మడిలో చెప్పుల్లేకుండా నిలబడ్డ రైతు ఆ డబ్బా మీద చెయ్యి వేస్తే సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయినా స్టార్టర్ విప్పాలంటే మెయిన్ దించాలి. దించాక ఐరన్‌కు కరెంటు ఎక్కడిది?

అందుకే బయటి పనికి బ్యాటరీ ఐరనే దారి.

అపోహ: యూఎస్‌బీ ఐరన్ కొంటే ఇంట్లో ఉన్న పవర్ బ్యాంక్‌తో పని నడుస్తుంది.

మామూలు పవర్ బ్యాంక్ ఇచ్చేది 5 వోల్టులు, 2 ఆంపియర్లు. అంటే 10 వాట్లు. సన్న వైరు అతుక్కుంటుందేమో గానీ రిలే (బోర్డు మీది కరెంటు స్విచ్) కాలు దగ్గరి లెడ్డు కరగదు. మేం లెడ్డు అనేది సోల్డర్‌నే. పైన్‌సిల్, టీఎస్101 లాంటి టైప్-సి ఐరన్లకు పీడీ (పవర్ డెలివరీ, అంటే 5 కంటే ఎక్కువ వోల్టులు ఇచ్చే పద్ధతి) ఉన్న పవర్ బ్యాంక్ కావాలి. కొనే ముందు డబ్బా వెనక సన్న అక్షరాలు చదవండి. అవుట్‌పుట్‌లో 20 వోల్టులు అని ఉందా లేదా? 9, 12 దగ్గరే ఆగిపోతే వద్దు. వోల్టేజీ సగమైతే వాట్లు నాలుగో వంతుకు పడతాయి, ఎందుకంటే బిట్‌లో (ఐరన్ మొనలో) ఎలిమెంట్ అదే. ఈ రెండు ఐరన్లకూ డీసీ పిన్ కూడా ఉంటుంది కాబట్టి ట్రాక్టర్ బ్యాటరీకి క్లిప్పులు పెట్టి నడపొచ్చు. కానీ 12 వోల్టుల మీద బలం తక్కువ అని గుర్తుంచుకోండి, లావు వైర్లకు అది సరిపోదు.

20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు. వేడెక్కేటప్పుడు ఐరన్ ఎక్కువ లాగినా తర్వాత కొంచెమే తింటుంది, కాబట్టి మధ్య మధ్య ఆపుకుంటూ చేస్తే మామూలుగా ఒక పూట పనికి ఢోకా లేదు. మే నెల ఎండలో మాత్రం దాన్ని బండి డిక్కీలో వదిలేయొద్దు.

అపోహ: వాట్లు ఎక్కువైతే బోర్డు కాలిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ బోర్డులను పాడు చేసేది ఈ భయమే. వేడి డిగ్రీల సంగతి వేరు, వాట్ల సంగతి వేరు. 350 డిగ్రీలకు పెట్టిన 60 వాట్ల ఐరన్ కూడా 350 దగ్గరే ఆగుతుంది. జాయింట్ వేడిని లాగేసినప్పుడు తిరిగి ఎంత త్వరగా పుంజుకుంటుందన్నదే వాట్లు చెప్పేది. బలం లేని ఐరన్‌తో లావు రాగి ట్రాక్ మీద నిమిషం సేపు రుద్దితే లెడ్డు కరగదు గానీ ప్యాడ్ (కాలు అతికే రాగి బిళ్ల) ఊడి చేతికి వస్తుంది. బలమున్నది రెండు మూడు సెకన్లలో పని ముగిస్తుంది.

బిట్ కూడా అంతే. సూది మొన బిట్ చూడటానికి నాజూగ్గా ఉంటుంది, కానీ తగిలే చోటు తక్కువ, వేడి దిగదు. మన పనిలో ముప్పాతిక వంతుకు చిన్న ఉలి లాంటి చదును బిట్ చాలు. దాన్ని ఆకురాయితో రాకొద్దు. పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగిని లెడ్డు తినేస్తుంది. తుడవడానికి ఇత్తడి పీచు పెట్టుకోండి, నీళ్ల స్పాంజ్ పొలం దాకా మోయక్కర్లేదు. ఆపే ముందు బిట్ మీద కాస్త లెడ్డు పూసి ఆపండి.

అపోహ: గ్యాస్ ఐరన్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

పనికొస్తుంది. కానీ దాని పక్క రంధ్రాల నుంచి వచ్చే వేడి గాలి రిలే ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, పక్కనే వరిగడ్డి ఉంటే ఇంకా ప్రమాదం. పైగా ఆ గ్యాస్ డబ్బాతో బస్సెక్కకూడదు. నా సంచిలో లేదు.

అపోహ: పేస్ట్ (లెడ్డు బాగా పట్టుకోవడానికి రాసే ఫ్లక్స్) ఏదైనా ఒకటే.

పైపులు, రేకులు అతికే వాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ బోర్డు మీద పెడితే ఆ రోజు చక్కగా పట్టుకుంటుంది. తర్వాత నెమ్మదిగా రాగిని తినేస్తుంది. రోజిన్ (పైన్ చెట్టు జిగురు) ఫ్లక్సే కొనండి. లెడ్డు తీగ విషయానికొస్తే 63/37 తీసుకోండి, అంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది, చెయ్యి కాస్త అదిరినా జాయింట్ చెడే అవకాశం తక్కువ. సీసం లేనిది సుమారు 217 దాటితే గానీ కరగడం మొదలవ్వదు.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. శానిటైజర్‌లో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి, జిడ్డు మిగులుతుంది. థిన్నర్ ప్లాస్టిక్‌ను తింటుంది. పెట్రోలు మాటే ఎత్తొద్దు.

అపోహ: మెరిస్తే మంచి జాయింట్, మెరవకపోతే డ్రై సోల్డర్ (సరిగా పట్టని జాయింట్).

సీసం లేని లెడ్డు సహజంగానే మసకగా ఉంటుంది. చూడాల్సింది కాలుకు, ప్యాడ్‌కు లెడ్డు పట్టుకుని వాలుగా దిగిందా అని. స్టార్టర్‌లో కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పడ్డ ప్రతిసారీ డబ్బా అదురుతుంది, ఆ అదురు బోర్డు మీది రిలే కాళ్లకు పోతుంది. బోర్డు తిప్పి టార్చ్ పక్కకు వాల్చి చూడండి. జాయింట్ చిట్లి ఉంటే కాలు చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్ల గీత గుండ్రంగా కనబడుతుంది. "అన్నా, మీద ఒక్కటి కొడితే నడుస్తది" అని రైతు అన్నాడంటే నేను ముందు అక్కడే చూస్తాను. పాత లెడ్డు మీదే బిట్ పెట్టి కరిగిస్తే లోపలి తుప్పు అట్లనే ఉండి గీత మళ్లీ వస్తుంది. లెడ్డు పీల్చే చేతి పంప్‌తో పాతది లాగేసి, కాలు గీకి, ఫ్లక్స్ రాసి, కొత్తది పెట్టాలి.

అపోహ: పొగలో సీసం ఉంటుంది.

ఆ వేడికి సీసం ఆవిరి కాదు. పొగ రోజిన్‌ది. అది కూడా ఊపిరికి మంచిది కాదు, గాలి వాలు చూసి కూర్చోండి. సీసం లోపలికి పోయేది చేతి నుంచి నోటికి. సబ్బుతో కడుక్కోకుండా టీ, బీడీ వద్దు.

అపోహ: మెయిన్ దించితే బోర్డులో కరెంటు పోయినట్టే.

సోలార్ పంపు డ్రైవ్‌లు, ఇన్వర్టర్ బోర్డులు ముట్టేటప్పుడు ఇది ప్రాణం మీద మాట. 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే కెపాసిటర్‌లో (కరెంటును నిల్వ ఉంచే భాగంలో) 325 దాకా నిలుస్తుంది, 415 అయితే 580 దాటుతుంది. దాన్ని దించడానికి కెపాసిటర్ రెండు కాళ్లకు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పుమనిపించడం మన దగ్గర మెకానిక్‌లకు అలవాటు. దానివల్ల స్క్రూడ్రైవర్ మొన కరుగుతుంది, కెపాసిటర్ చెడుతుంది, నిప్పురవ్వ కంట్లో పడొచ్చు. దానికి బదులు, ఆ నిల్వ బల్బులో దిగిపోయేలా, హోల్డర్‌లో 60 వాట్ల బల్బు పెట్టి, రెండు వైర్లకు ఇన్సులేషన్ ఉన్న ప్రోబులు తగిలించి సంచిలో వేసుకోండి. ఎల్ఈడీ కాదు, పాత ఫిలమెంట్ బల్బే. త్రీఫేజ్ డ్రైవ్ అయితే రెండు బల్బులు సిరీస్‌లో. బల్బు ఆరిందని నమ్మొద్దు, మీటర్‌తో చూడాలి. ఆ మీటరు మీద క్యాట్ 3 (మీటరు ఎంత కరెంటు దెబ్బకు తట్టుకుంటుందో చెప్పే భద్రతా గుర్తు), 600 వోల్టులు అని ఉండాలి. రోడ్డు పక్క దొరికే పసుపు మీటరు బ్యాటరీ చూసుకోవడానికి సరే, స్టార్టర్ డబ్బాలో పెట్టేది కాదు.

డబ్బులు తక్కువుంటే ఆ అరవై వస్తువుల డబ్బా వదిలేసి ఐరన్‌కు, మీటర్‌కు పెట్టండి. లెడ్డు పీల్చే పంప్, కాస్త విక్ (లెడ్డు పీల్చే రాగి అల్లిక), కటింగ్ ప్లయర్, లెడ్డు, ఫ్లక్స్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒకేచోట దొరుకుతాయి. ఐరన్ కొన్నప్పుడే దాని మోడల్‌కు సరిపోయే ఇంకో బిట్ కూడా తీసుకోండి, అది అచ్చంపేటలో అడిగితే దొరకదు.