పనికి మనిషి దొరకడు, మనిషికి పని రాదు: ఇంటీరియర్ శిక్షణ వెనక కథ

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో ఒంగోలు లాయరుపేటలోనో కొత్త ఫ్లాటు కొన్నవాళ్లని అడిగి చూడండి. కప్‌బోర్డులు చేసింది రాజస్థాన్ వాళ్లనీ, సీలింగ్ వేసింది బిహార్ వాళ్లో బెంగాల్ వాళ్లో అనీ చాలామంది చెబుతారు. ఇదే ప్రాంతంలో కనిగిరి, పామూరు, ఎర్రగొండపాలెం, ఉదయగిరి వైపు నుంచి కుర్రాళ్లు హైదరాబాదుకీ బెంగళూరుకీ బస్సెక్కుతున్నారు. అక్కడ చాలామందికి దొరికేది ఇటుకలు, సిమెంటు మోసే కూలిపని. "మనవాళ్లకి ఒళ్లు వంగదు" అని తేల్చేసేవాళ్లు ఉన్నారు. ఎండలో నాలుగో అంతస్తుకి ఇసుక మోసేవాడికి ఒళ్లు వంగదనడం అన్యాయం. వాడికి లేనిది పని నేర్పే చోటు. అది ఎలా లేకుండా పోయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకప్పుడు ఇంటి లోపలి పనంటే వడ్రంగం, గచ్చు, వెల్ల. మిద్దెకి టేకు దూలాలు, వాటి మీద దంతెలు. గానుగ పట్టిన సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి గచ్చు వేసేవాళ్లు. వడ్రంగి కొడుకు తండ్రి చేతికింద చేరేవాడు. ఉలికి పదును పెట్టడం, రంపం పట్టడం, చిత్రిక పట్టడం వచ్చాకే తలుపుచెక్క మీద గీత గీసే పని అప్పజెప్పేవాళ్లు. కాగితం లేదు, జీతం లేదు. పని మాత్రం పూర్తిగా వచ్చేది, ఎందుకంటే నేర్పేవాడు తండ్రో మేనమామో. కానీ ఆ చదువు కులం గడప దాటలేదు. ఆడపిల్లని ఆ గడపలోపల కూడా ఉలి పట్టనివ్వలేదు. ఆ రోజులే బాగున్నాయనే మాట నేను అనలేను. నేర్పిన పద్ధతిలో మాత్రం గట్టితనం ఉంది.

ప్రభుత్వ శిక్షణ మొదలైంది వేరే దారిలో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇంటికొచ్చే సైనికులకి బతుకుదెరువు చూపించడానికి 1945లో కేంద్రంలో ఒక డైరెక్టరేట్ పెట్టారు. 1950లో చేతివృత్తుల శిక్షణ పథకం వచ్చింది, ఐటీఐలు దాని కిందే పుట్టాయి. తర్వాత 1961లో, పనిచోటే పని నేర్చుకునేవాళ్ల కోసం అప్రెంటిస్ చట్టం. ఆ రోజుల్లో దేశానికి కావలసింది ఫ్యాక్టరీలు, కాబట్టి చట్టాన్నీ ఫ్యాక్టరీ కొలతలకే కుట్టారు. రిజిస్టరైన సంస్థ ఉండాలి, యజమాని ఉండాలి, ఒప్పందపత్రం మీద సంతకాలుండాలి, నెలనెలా స్టైపెండ్, అంటే శిక్షణ భత్యం, ఇవ్వాలి. రైల్వేకీ ఆర్టీసీ డిపోకీ ఇది సరిపోయింది. సైకిల్ మీద పనిముట్ల సంచి తగిలించుకుని ఇంటింటికీ తిరిగే వడ్రంగికి ఇందులో ఏ ఒక్కటీ లేదు. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సుగా ఉన్నా, పిల్లలు పరుగెత్తింది ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వైపే. వాళ్లని తప్పుపట్టలేం, ఆ పక్కన నెలజీతం ఉద్యోగం కనబడుతోంది.

ఈలోగా పనే మారిపోయింది. 1990ల తర్వాత అపార్ట్‌మెంట్లు పెరిగాయి. 1996 డిసెంబరు 12న అడవుల్లో చెట్ల నరికివేతపై సుప్రీంకోర్టు గట్టి ఉత్తర్వు ఇచ్చింది. ఈశాన్య రాష్ట్రాల ప్లైవుడ్ మిల్లులు దెబ్బతిన్నాయి. బోర్డుల పరిశ్రమ క్రమంగా దిగుమతి కలప మీదకీ, పొలాల్లో పెంచే నీలగిరిలాంటి చెట్ల మీదకీ మళ్లింది. ఇళ్లలో టేకు తగ్గింది. ప్లైవుడ్, కలప పీచు నొక్కి చేసే ఎండీఎఫ్ బోర్డు, సన్‌మైకా, జిప్సం బోర్డు వచ్చాయి. ఉలి వాడకం తగ్గి కట్టింగ్ మిషన్, డ్రిల్ చేతికొచ్చాయి. తండ్రి దగ్గర నేర్చుకున్న చాలా మెళకువలు కొడుక్కి అక్కరకు రాలేదు. కొత్త మెళకువలు తండ్రికి తెలియవు. వడ్రంగుల పిల్లల్లో చాలామంది చదువుల వైపు వెళ్లిపోయారు, వెళ్లడం మంచిదే. ఖాళీ అయిన ఆ చోట మరొకర్ని కూర్చోబెట్టే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

కొత్త పనంటే చులకన పనికిరాదు. ఒక గదికి ఫాల్‌సీలింగ్, అంటే శ్లాబు కింద వేలాడే కప్పు, వేయడమే తీసుకోండి. ముందు నీళ్ల పైపుతోనో లేజర్‌తోనో నాలుగు గోడల మీదా ఒకే మట్టం గుర్తు పెట్టాలి. రంగు అద్దిన దారాన్ని లాగి వదిలితే గోడ మీద గీత పడుతుంది. ఆ గీత వెంట గోడకి చానెల్ అనే రేకు పట్టీ బిగిస్తారు. శ్లాబు నుంచి నాలుగడుగులకో అడ్డ చానెల్ వేలాడదీసి, దాని కింద అడుగున్నర ఎడంతో బోర్డుని పట్టే రేకు సెక్షన్లు కడతారు. బోర్డు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం. తల మీద మోస్తూ స్క్రూ బిగించాలి. స్క్రూ తల కాగితం పొర చించకుండా, పైకి తేలకుండా సరిగ్గా ఉపరితలం కిందికి దిగాలి. అతుకుల దగ్గర టేపు వేసి, కాంపౌండ్ పూసి, ఆరాక మళ్లీ పూయాలి. టేపు ఎగ్గొడితే పని అయిన రోజు తేడా తెలియదు. వచ్చే వేసవికి అతుకు వెంట వెంట్రుకంత పగులు కనబడుతుంది. ఫ్యాన్ బరువు సీలింగ్ మీద పడకూడదు, శ్లాబులోని కొక్కేనికే వేలాడాలి. ఈ మాటలు పుస్తకంలో చదివితే అరగంట. చేతికి రావాలంటే చాలా గదులు పూర్తి చేయాలి, పక్కన "అక్కడ ఆగు, ముందు మట్టం చూసుకో" అనేవాడొకడు ఉండాలి.

ఆ పక్కనుండే మేస్త్రీ సంగతి ఏ పథకంలోనూ సరిగ్గా పట్టించుకోలేదు. ఆయన పని చదరపు అడుగు లెక్కన గుత్తకు పట్టుకుంటాడు. హెల్పర్ కుర్రాడు ఒక ప్లైవుడ్ షీటు తప్పుగా కోస్తే ఆ నష్టం ఆయన జేబులోంచే పోతుంది. నేర్పడానికి ఆగితే ఆ రోజు అడుగులు తగ్గుతాయి. నేర్చుకున్నాక కుర్రాడు రెండూళ్ల అవతల తక్కువ రేటుకి సొంతంగా పని పట్టుకుంటాడు. ఇన్ని భయాల మధ్య మేస్త్రీ కుర్రాడి చేత టీలు తెప్పిస్తాడు, దుమ్ము ఊడిపిస్తాడు, బోర్డులు మోయిస్తాడు. రెండేళ్లు గడిచినా కొలిచే టేపు చేతికివ్వడు. కుర్రాడు విసిగి డెలివరీ బండెక్కుతాడు.

రాజస్థాన్ జట్లు నెగ్గింది సరిగ్గా ఇక్కడే అని నా నమ్మకం. జట్టులో చాలావరకు ఒకే ఊరివాళ్లు, బంధువులు ఉంటారు. సైట్లోనే వండుకుని అక్కడే పడుకుంటారు. బాబాయి అబ్బాయికి నేర్పిస్తాడు. ఆ అబ్బాయి పోటీకొస్తాడన్న భయం లేదు, వచ్చినా ఇంట్లోవాడే. అరవై ఏళ్ల కిందట మన వడ్రంగుల ఇళ్లలో ఉన్న పద్ధతే అది. మనకది పోయింది, వాళ్లకి నిలిచింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. 1998లో హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టారు. మనం న్యాక్ అని పిలిచే ఆ సంస్థ నిరుద్యోగ యువతకి తాపీ, ప్లంబింగ్, పెయింటింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో మూడు నెలల ఉచిత శిక్షణ ఇచ్చింది. భవన నిర్మాణ రంగాన్ని చదువుకోదగ్గ రంగంగా చూసిన గట్టి ప్రయత్నం అది. కానీ మూడు నెలలు పనిముట్లు పరిచయం కావడానికి సరిపోతాయి, చేయి తిరగడానికి చాలవు. అంతకుముందు, 1996లో, భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చుపెట్టాలన్నది ఉద్దేశం. అయితే ఆ చట్టం పట్టించుకున్నది పదిమందికి తగ్గకుండా పనిచేసే చోటుని. సొంత ఫ్లాటులో నలుగురు చేసే కప్‌బోర్డు పని ఆ లెక్కలోకి రాలేదు.

2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైంది. ఎక్కడో ఎలాగో నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. నాకు బాగా నచ్చిన భాగం అది. బడి మానేసిన మనిషి పదేళ్ల చేతిపనికి ఒక విలువ కట్టి కాగితం మీద పెట్టడం చిన్న విషయం కాదు. 2016 ఆగస్టులో అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం వచ్చింది. స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకి రూ.1,500 దాకా, కేంద్రం భరిస్తుందని చెప్పింది. 2019లో నిబంధనలు సవరించి స్టైపెండ్‌ని చదువును బట్టి రూ.5,000 నుంచి రూ.9,000 దాకా పెంచారు. తొమ్మిదో తరగతితో ఆగిపోయినవాడికి కూడా అందులో చోటుంది. కానీ సంస్థలో కనీసం నలుగురు పనివాళ్లుంటేనే అప్రెంటిస్‌ని పెట్టుకునే వీలు, 30 మందో అంతకు మించో ఉంటేనే తప్పనిసరి. ఇద్దరు హెల్పర్లతో తిరిగే మేస్త్రీ నలుగురి లెక్కకీ అందడు.

2023 సెప్టెంబరు 17న వచ్చిన విశ్వకర్మ పథకం కొంత దగ్గరికి వచ్చింది. పనిముట్లకి రూ.15,000, శిక్షణ రోజులకి రోజుకి రూ.500, తర్వాత 5 శాతం వడ్డీకి అప్పు. వడ్రంగి, తాపీమేస్త్రీ ఆ 18 వృత్తుల్లో ఉన్నారు. పెయింటర్, ప్లంబర్, టైల్స్ వేసేవాడు, సీలింగ్ వేసేవాడు లేరు. పాత ఇల్లు కట్టేవాళ్లని గుర్తుపెట్టుకున్నారు, ఇప్పటి ఇంటి లోపల పనిచేసేవాళ్లలో ఎక్కువమందిని వదిలేశారు.

ఈ ప్రాంతానికి సరుకు కొదవ లేదు. అదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు, దేశదేశాల వంటిళ్ల గట్ల మీద మెరుస్తోంది. మార్కాపురం పలకరాయి బడిపిల్లల చేతుల్లోంచి గోడల అలంకరణకి వెళ్లింది. ప్రకాశం రైతులు సుబాబుల్, జామాయిల్ పండిస్తున్నారు. రాయి ఇక్కడ తవ్వి, పాలిష్ పట్టి పంపుతున్నాం. ఆ రాయిని సింకు కోసం కోసి, అంచు గుండ్రం చేసి, అతుకు కనబడకుండా పరిచే పని నేర్పే మంచి బడి మాత్రం దగ్గర్లో కనబడదు. ఆ పనిలో ఇంకో భయం ఉంది. పొడిగా కోస్తే లేచే రాతిదుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. నీళ్లు పోస్తూ కోయడం, మంచి మాస్కు కట్టుకోవడం మొదటి పాఠంగా నేర్పాలి. మొహానికి తువ్వాలు చుట్టుకుని కోస్తున్న కుర్రాళ్లని చూస్తే భయమేస్తుంది.

ఆడవాళ్ల మాట కూడా చెప్పాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆ కళకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆకురాయి పట్టి అంత సన్నటి పని చేసే చేతులు లామినేట్ అంచులు అతికించలేవా, పాలిష్ పట్టలేవా? బిల్డింగ్ పనిలో మాత్రం ఆడమనిషి ఎన్నేళ్లు చేసినా తట్ట మోసే కూలిగానే మిగులుతోంది, మేస్త్రీ కావడం లేదు.

దారి చట్టంలోనే కొంత ఉంది. చిన్న సంస్థల తరఫున అప్రెంటిస్‌లని చేర్చి, ఒప్పందాలు రాయించి, లెక్కలు చూసే మధ్యవర్తి సంస్థకి ఇప్పటి అప్రెంటిస్ నిబంధనల్లో అవకాశం ఉంది. నెల్లూరులో బిల్డర్ల సంఘమో, చీమకుర్తిలో పాలిషింగ్ యూనిట్ల సంఘమో ఆ బాధ్యత తీసుకోవచ్చు. నలుగురేసి పనివాళ్లున్న చిన్న కాంట్రాక్టర్లు, మాడ్యులర్ కిచెన్ షాపుల వాళ్లు ఇరవై మంది దాని కింద చేరితే కుర్రాడికి ఏడాది పాటు రకరకాల సైట్లు, నెలనెలా స్టైపెండ్, చివర్లో పరీక్ష దొరుకుతాయి. నలుగురి లెక్కకి అందని మేస్త్రీని వీళ్లే నేర్పేవాడిగా పిలుచుకోవచ్చు. ఆయనకి విడిగా నేర్పినందుకు డబ్బు ఇవ్వాలి, పాడైన షీటు ఖరీదు ఆయన మీద వేయకూడదు. ఈ రెండో షరతు ఏ పథకంలోనూ నాకు కనబడలేదు. అది రాయకుండా ఎన్ని కేంద్రాలు తెరిచినా, కుర్రాడి చేతికి కొలిచే టేపు ఇవ్వడానికి మేస్త్రీకి ధైర్యం రాదు.