వరి మడిలో ఊద

తిరువొత్తియూరు, చెన్నై
కార్తీక మాసం

చిరంజీవులు అఖిల్‌కు, హాసినికి, మన మేడమీద చేరి ఆడుకునే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న కుండపోత వానకు బడులకు సెలవిచ్చిన రోజున మీరందరూ మా ఇంటి హాల్లో చేరి ఫోన్లలో ఆడుకుంటున్నారు. ఉన్నట్టుండి అఖిల్ ఫోను సోఫా మీద పడేసి, "తాతయ్యా, వాడు మనిషి కాదు, బాట్! ఇప్పటికి మూడుసార్లు రిపోర్ట్ కొట్టాను. అంత పెద్ద కంపెనీకి వీటిని ఏరి పారేయడం చేతకాదా?" అని నన్ను అడిగాడు. బాట్ అంటే మనిషి బదులు ఆట ఆడే ప్రోగ్రామట. నాకు వెంటనే జవాబు తోచలేదు గాని, ఆ "ఏరి పారేయడం" అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. రెండు రోజులు ఆ సంగతి చదివి, మీ మామయ్యను విసిగించి నాలుగు ప్రశ్నలడిగి, ఇవాళ ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. ముందుగా మిమ్మల్ని ఒక వరి మడిలోకి దింపుతాను. కాళ్ళకు బురద అంటుతుందని వెనక్కి పోవద్దు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు సూళ్ళూరుపేట దగ్గర మా ఊళ్ళో, నాట్లు వేసిన మూడు నాలుగు వారాలకు కలుపు తీసే రోజుల్లో, నేను కూడా కలుపు తీస్తానని మారాం చేశాను. మా పెద్దమ్మ సరేనని నన్ను తన పక్క సాలులో వంచింది. తుంగను పీకడం తేలిక, దాని కాడ పట్టుకుంటే మూడు పలకలుగా తెలుస్తుంది. వెడల్పాటి ఆకుల మొక్కలైతే గుడ్డివాడైనా పీకగలడు. గంట గడిచేసరికి నా పిడికిట్లో పెద్ద కట్ట పోగయింది. దాన్ని గట్టు మీద విప్పి చూసిన పెద్దమ్మ ముఖం మాడిపోయింది, ఎందుకంటే అందులో సగం వరి మొక్కలే! నేను వరి అనుకొని జాగ్రత్తగా వదిలిపెట్టి వచ్చినదేమో ఊద అనే కలుపు గడ్డి. నాలుగు మాటలు అననే అన్నది. తరువాత కోపం తగ్గి, నా చెయ్యి పట్టుకొని, "ఆకును కాదురా, ఆకు మొదలు చూడు. అక్కడ దొరికిపోతుంది దొంగ" అన్నది. ఆమె చూపిన గుర్తు ఏమిటో చివర చెబుతాను.

ఊద వరికి దగ్గరి చుట్టం కాదు, అయినా లేత వయసులో అచ్చం వరిలాగే నిలబడుతుంది. ఆ వేషం దానికి నేర్పినది మనమే. వందల ఏళ్ళుగా మనుషులు మడిలో వంగి, వరిలా కనబడని ప్రతి గడ్డినీ పీకేస్తూ వచ్చారు. కాస్త వరి పోలిక ఉన్నది మాత్రం కంటపడకుండా తప్పించుకొని గింజ రాల్చింది, దాని పిల్లల్లో ఇంకా బాగా పోలినవి మరుసటి ఏడు మిగిలాయి. నికొలాయ్ వవిలోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త పంటల మధ్య మొలిచే కలుపు మొక్కల్లో ఈ పోకడను గమనించాడు, అందుకే ఇలాంటి అనుకరణకు ఆయన పేరే పెట్టారు. ఎంత శ్రద్ధగా కలుపు తీస్తే అంతగా మిగిలిన కలుపు పంటను పోలుతుందన్న మాట. మీ ఆటలో జరుగుతున్నది కూడా సరిగ్గా ఇదే.

ఆట నడిపే కంపెనీ కంప్యూటరుకు మీ ముఖం కనబడదు, మీ వేలు కనబడదు. ఇక్కడ తాకారు, అటు తిరిగారు, ఇప్పుడు కాల్చారు అన్న చిన్న చిన్న కబుర్లు మాత్రమే దానికి చేరుతాయి. బాట్ పంపేవి కూడా ఆ కబుర్లే. మొదట్లో వచ్చిన బాట్లు తుంగ వంటివి, తెర మీద ఒకే చుక్కను, ఒకే వ్యవధిలో, రాత్రీ పగలూ తాకుతూ ఉండేవి. అవి తేలికగా దొరికిపోయాయి. దానితో బాట్లు తయారుచేసేవారు వాటికి తడబాటు నేర్పారు. కాసేపు ఆగడం, గురి కొంచెం తప్పడం, భోజనానికి లేచినట్టు మాయమవడం అన్నీ చేర్చారు. పోనీ, కాస్త అనుమానం వచ్చిన ప్రతివాడినీ తీసేద్దామంటే నా పిడికిట్లోని వరి మొక్కలను తలచుకోండి. పది లక్షల మంది నిజాయితీగా ఆడే ఆటలో, నూటికి ఒక్కసారి పొరబడే పరీక్ష పెట్టినా, తప్పు చేయని పదివేల మంది బయటికి గెంటబడతారు. పైగా ఆ పరీక్షకు ముందుగా చిక్కేది బాగా ఆడేవాళ్ళే. హాసిని గురి చూసి మొన్న మీరే "ఇది బాట్‌రా" అని అరిచారు కదా!

పీకేసినంత మాత్రాన కలుపు పోతుందనుకోవడం కూడా పొరపాటే. 2011 అక్టోబరులో జాగెక్స్ అనే బ్రిటిష్ కంపెనీ, రూన్‌స్కేప్ అనే తన ఆటలో, ఒక్క రోజులో 15 లక్షల ఖాతాలను నిషేధించామని ప్రకటించింది. కొన్నాళ్ళు చేను శుభ్రంగా ఉన్నది, తరువాత మళ్ళీ మొలిచాయి. ఊద కంకి వేశాక గుర్తుపట్టడం ఎవరికైనా వస్తుంది గాని, వరి కోతకు రాకముందే అది గింజ రాల్చేస్తుంది, ఆ గింజలు మట్టిలో అదను కోసం కాచుకొని ఉంటాయి. ఉచితంగా కొత్త ఖాతా తెరవగలిగిన ఆటలో బాట్‌కు విత్తనం కరవు ఉండదు. దానికి నీరు పెట్టేది డబ్బు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట కోసం గ్లైడర్ అనే బాట్ ఒకటి ఉండేది. మనిషి నిద్రపోతున్నా అతని బదులు అదే ఆడుతుంది. కోర్టు ఆ అమ్మకాన్ని ఆపించేలోగా, 2008 సెప్టెంబరు నాటికే, 1,20,000 ప్రతులు అమ్ముడై 35 లక్షల డాలర్లు తెచ్చాయి. కొన్నవాళ్ళలో ఆటను ప్రేమించి చేరినవాళ్ళూ ఉండి ఉంటారు, ఆడే శ్రమను మాత్రం మరొకరికి అప్పగించారు. మీలో ఎవరైనా అలాంటిది కొనాలనుకుంటే, ముందు నాతో ఒక మాట చెప్పండి. నేను తిట్టను, కాని మీ పక్కన కూర్చొని అది ఆడుతుంటే మీకేం మిగిలిందని అడుగుతాను.

ఇక అఖిల్ చేసిన మూడు రిపోర్టుల సంగతి. పట్టుకున్న మరుక్షణమే పీకేస్తే, బాట్ చేసినవాడికి ఏ గుర్తు వల్ల దొరికిపోయాడో తెలిసిపోతుంది, సాయంత్రానికల్లా ఆ గుర్తును చెరిపేసి కొత్తది తెస్తాడు. అందుకే వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ 2002లో మొదలుపెట్టిన తన కాపలా ప్రోగ్రాము, దొంగను గుర్తించినా నిషేధాన్ని కావాలనే ఆలస్యం చేస్తుంది. నువ్వు చూసిన బాట్ పేరు ఇప్పటికే ఏ చిట్టాలోనో ఎక్కి ఉండవచ్చు.

అదే కంపెనీ 2023 ఫిబ్రవరిలో డోటా 2 అనే ఆటలో చేసిన పని చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది. మామూలుగా ఆడేవారి ఆట ఎప్పుడూ చదవని ఒక చోటును వాళ్ళు ఆట లోపల ఏర్పాటు చేశారు. చాటుగా సమాచారం లాగే మోసపు ప్రోగ్రాములు మాత్రమే అక్కడికి వెళ్ళి చదువుతాయి. చడీ చప్పుడూ లేకుండా కాచుకొని, వెళ్ళినవాటిని లెక్కగట్టి, 40,000కు పైగా ఖాతాలను ఒక్కసారిగా మూసివేశారు. ఎవరు ఎంత బాగా గురిపెడుతున్నారో చూడలేదు, ఆకు వదిలి ఆకు మొదలు చూశారు.

మరి కంప్యూటరు లోపలే కాపలా పెట్టవచ్చు కదా అంటారేమో. పెట్టారు. 2020లో వాలరెంట్ ఆటతో వచ్చిన వ్యాన్‌గార్డ్ అనే ప్రోగ్రాము, కంప్యూటరు మేలుకొన్నప్పటి నుంచే దాని లోలోతుల్లో కూర్చొని కాపలా కాస్తుంది. అప్పుడు మోసగాళ్ళు పక్కన ఇంకో కంప్యూటరు పెట్టి, తెరలో కనబడేదాన్ని దానికి చూపించి, మౌస్‌ను బయటి నుంచే కదిలించడం మొదలుపెట్టారు. చివరకు మడి ఉన్నది దొంగ ఇంట్లోనే, కంపెనీ అక్కడికి వచ్చిన చుట్టం మాత్రమే. ఆట కోసం ఇంటి తాళాలన్నీ ఒక కాపలాదారు చేతిలో పెట్టడం నాకైతే అంతగా రుచించదు. మీ మామయ్య మాత్రం నా ఈ మాటకు ఒప్పుకోడు.

నా పోలిక ఒక చోట చెల్లదని ఒప్పుకోవాలి. ఊదకు తెలివి లేదు, అది మారడానికి వందల ఏళ్ళు పట్టింది. బాట్ వెనుక ఒక మనిషి, బహుశా మీకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన చురుకైన పిల్లవాడు, రాత్రంతా మేలుకొని కూర్చుంటాడు. అందువల్ల అది వారంలో మారిపోతుంది.

వచ్చే ఆదివారం వాన తెరిపి ఇస్తే, గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగుదాం. ఇప్పుడు అక్కడ సాంబా వరి పైరు లేతగా ఉంటుంది. గట్టు మీద కూర్చొని, ఒక మొక్క ఆకును మెల్లగా వెనక్కి వంచి, అది కాడను చుట్టుకొన్న చోట చూడండి. అక్కడ తెల్లని, పల్చని, చిన్న నాలుక వంటి పొర కనబడితే అది వరి. ఏమీ లేక నున్నగా ఉంటే ఊద. కళ్ళద్దాలు నేను తెస్తాను, నీళ్ళ సీసా మీరు తెండి. చూడకముందే మాత్రం ఏదీ పీకవద్దు, ఆ చేను మనది కాదు.

మీ తాతయ్య