గుల్‌మార్గ్ మంచుకు తడిగుడ్డ లెక్క

మా సత్యనారాయణపురం కుర్రాడొకడు డిసెంబర్‌లో స్నేహితులతో కలిసి కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్తున్నాడు. స్కీయింగ్ నేర్చుకుంటారట. ఇప్పటినుంచే ఫోన్‌లో అక్కడి వాతావరణం చూసుకుంటూ టెన్షన్ పడుతున్నాడు. మొన్న వచ్చి అడిగాడు: "మాస్టారూ, యాప్‌లో ప్లస్ 2 అని ఉంది. అదే టైముకి అక్కడివాళ్లు పెట్టిన వీడియోలో మంచు కురుస్తోంది. నీళ్లు గడ్డకట్టేది సున్నా దగ్గర కదా, మరి ఏది అబద్ధం?"

రెండూ నిజమే. థర్మామీటరు చెప్పే అంకె ఒకటి, మంచు రేకు అనుభవించే చలి ఇంకొకటి.

గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉందనీ, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సులే అక్కడ మంచు కురిపిస్తాయనీ, డిసెంబర్ 21 నుంచి 40 రోజుల గట్టి చలిని కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారనీ ప్రతి టూరిజం వ్యాసంలోనూ ఉంటుంది. వాటి జోలికి నేను పోను. మేఘంలోంచి బయటపడ్డ మంచు రేకుకి చివరి అయిదారు వందల మీటర్లలో ఏమవుతుందన్నదే నాకు సరదా.

ఆ మాటకొస్తే మంచు బెజవాడకి కొత్తేం కాదు, మన నెత్తి మీదే ఉంటుంది. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే వాన వస్తుందని మన పెద్దవాళ్లు అంటారు. బాగా ఎత్తున తేలే పల్చటి మేఘాల్లో ఆరు పలకల మంచు స్ఫటికాలుంటాయి. వాటిలోంచి వచ్చే వెన్నెల 22 డిగ్రీలు వంగడం వల్ల ఆ వలయం కనిపిస్తుంది. అల్పపీడనాల ముందు తరచూ అలాంటి మేఘాలే కమ్ముతాయి కాబట్టి, ఈ ఒక్క నమ్మకాన్ని నేను ఎప్పుడూ వెక్కిరించను. అంతే కాదు, ఉరుముల వానలో మన మీద పడే పెద్ద చినుకులు చాలావరకు పైన మంచుగా పుట్టినవే. సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున సున్నా డిగ్రీల గీత దాటగానే కరిగి నీళ్లవుతాయి. జోరు తగ్గి నిలకడగా కురిసే వానని మచిలీపట్నం డాప్లర్ రాడార్‌ లాంటిది చూస్తే, ఆ కరిగే పొర ప్రత్యేకంగా మెరుస్తూ కనిపిస్తుంది. సగం కరిగి ఒళ్లంతా తడిసిన మంచు రేకు, రాడార్ కంటికి ఓ పేద్ద నీటిబొట్టులా కనబడుతుంది మరి. కాబట్టి మనకీ గుల్‌మార్గ్‌కీ తేడా మంచు పుట్టడంలో లేదు, అది ఎంత ఎత్తులో కరుగుతుందన్నదాంట్లో ఉంది.

ఆ గీతని సున్నా డిగ్రీలే నిర్ణయిస్తాయనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం అర్థం కావాలంటే మనింట్లో కూలర్ని చూడాలి.

రోహిణీ కార్తె మధ్యాహ్నం. 42 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం అనుకుందాం. గడ్డి ప్యాడ్ల మీద నీళ్లు కారుతుంటాయి, ఫ్యాన్ వాటిగుండా వేడిగాలిని లాగుతుంది. కొన్ని నీళ్లు ఆవిరవుతాయి. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి దాదాపు 600 క్యాలరీల వేడి కావాలి. దాన్ని ఆ గాలి నుంచే గుంజుకుంటుంది, అందుకే గాలి చల్లబడుతుంది. ఎంతవరకు? గాలి ఇక నీటిని తాగలేనంతవరకు. పై లెక్కలో ఆ హద్దు సుమారు 26 డిగ్రీలు. ఎంత ఖరీదైన కూలరైనా అంతకన్నా కిందికి దించలేదు.

ఇప్పుడు అదే రోజు సాయంత్రం. సముద్రపు గాలి తిరిగింది. ఉష్ణోగ్రత 34కి దిగింది, తేమ 70 శాతానికి ఎక్కింది. లెక్క వేస్తే కూలర్ హద్దు 29 డిగ్రీలు! ఎండ మండిపోయే మధ్యాహ్నం కంటే చల్లబడ్డ సాయంత్రమే కూలర్ అధ్వాన్నంగా పనిచేస్తుందన్నమాట. ఉక్కపోతలో కూలర్ ముందు కూర్చుని దాన్ని తిట్టుకోని ఇల్లు బెజవాడలో ఉండదు. కూలర్‌కి పట్టేది గాలి ఎంత వేడిగా ఉందన్నది ఒక్కటే కాదు, ఎంత దాహంతో ఉందన్నది కూడా.

ఈ హద్దుకి వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అని పేరు. దీన్ని కొలవడానికి కూలరక్కర్లేదు. ల్యాబ్‌లో వాడే మామూలు థర్మామీటర్లు రెండు పక్కపక్కన పెట్టండి. ఒకదాని బల్బుకి పల్చటి నూలుగుడ్డ చుట్టి, దారంతో కట్టి, గుడ్డ కొసని గిన్నెలో నీళ్లలో వదలండి. టేబుల్ ఫ్యాన్ వేయండి. రెండో మూడో నిమిషాల్లో తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్లో ఎర్రగీత జారడం మొదలుపెట్టి ఒకచోట ఆగిపోతుంది. అదే ఆ క్షణానికి మీ గది వెట్ బల్బ్. ఇంటర్ ఫిజిక్స్‌లో ఇది వస్తే రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. ఎంట్రన్స్‌లో బిట్ రాదట! పన్నెండేళ్లు చదివినా ఒక్కసారి కూడా బల్బుకి గుడ్డ చుట్టని పిల్లలు ఇంజనీరింగ్‌కి వస్తున్నారు. సరే, ఆ బాధ ఇంకోసారి.

గుల్‌మార్గ్ పైన కురిసే మంచు రేకు సరిగ్గా ఆ తడిగుడ్డే. ప్లస్ 2 డిగ్రీల గాలిలోకి దిగుతుంది. అంచులు తడి కాబోతాయి. గాలి పొడిగా ఉంటే ఆ తడి, దాంతోపాటు కొంత మంచు కూడా ఆవిరైపోతూ మిగిలిన రేకుని చల్లబరుస్తాయి. ప్లస్ 2 దగ్గర 60 శాతం తేమ ఉంటే ఆ ఎత్తులో వెట్ బల్బ్ మైనస్ 1. రేకు దృష్టిలో అది మైనస్ 1 డిగ్రీల లోకమే, కరగాల్సిన పనిలేదు. యాప్ మాత్రం ప్లస్ 2 అంటూనే ఉంటుంది.

ఇక్కడితో అయిపోలేదు. తలుపులూ కిటికీలూ బిగించి కూలర్ వేస్తే ఏమవుతుంది? గాలి క్రమంగా తేమతో నిండిపోయి, చివరికి గది ఉష్ణోగ్రతా వెట్ బల్బూ దాదాపు ఒకటవుతాయి. మంచు పడుతున్నప్పుడు ఆ లోయంతా అలాంటి మూసిన గదే. మొదట పడ్డ రేకులు ఆవిరై తమ ప్రాణం పోసి గాలిని చల్లబరుస్తాయి, వెనక వచ్చేవి క్షేమంగా దిగుతాయి. కరిగేవి కూడా గ్రాముకి 80 క్యాలరీల చొప్పున వేడి లాగేస్తాయి. అందుకే జోరుగా మంచు మొదలైన కాసేపటికి ప్లస్ 2 కాస్తా సున్నాకి దిగిపోవడం మామూలే. గంట ఆగి మళ్లీ యాప్ చూడమని మావాడికి చెప్పాను.

ఇక లెక్కలంటే భయం లేనివాళ్లకి. గాలిలో ఉన్న ఆవిరి పీడనం, వెట్ బల్బ్ ఉష్ణోగ్రత దగ్గర సంతృప్త ఆవిరి పీడనం (అంటే గాలి ఇక నీటిని తాగలేనప్పటి ఆవిరి పీడనం) కంటే కాస్త తక్కువ. ఎంత తక్కువన్నది రెండు థర్మామీటర్ల తేడా మీద ఆధారపడుతుంది: ప్రతి డిగ్రీకి, గాలి పీడనంలో 0.000665 వంతు. సముద్రమట్టంలో గాలి పీడనం 1013 హెక్టోపాస్కల్స్ కాబట్టి అది డిగ్రీకి 0.67 అవుతుంది. గుల్‌మార్గ్ ఎత్తులో పీడనం సుమారు 733, అక్కడ 0.49. ప్లస్ 2 డిగ్రీలు, 40 శాతం తేమ తీసుకుని రెండు చోట్లా లెక్క కట్టండి. సముద్రమట్టంలో వెట్ బల్బ్ మైనస్ 1.8 వస్తుంది, గుల్‌మార్గ్‌లో మైనస్ 2.6. అదే వేడి, అదే తేమ, అయినా ఎత్తు మీద ముప్పావు డిగ్రీ ఎక్కువ చల్లదనం! గాలి పల్చబడితే, తడిగుడ్డకి తిరిగి వేడి అందించే అణువులు తగ్గుతాయి గనుక.

ముప్పావు డిగ్రీ ఏపాటిదనిపిస్తుంది. మంచు తయారుచేసే యంత్రాలవాళ్లనడగండి. వాళ్లకి గీత దాదాపు మైనస్ 2.5 వెట్ బల్బ్ దగ్గర ఉంటుంది. అంతకు దిగితేనే స్నో గన్ ఆన్ చేస్తారు. గాలి ప్లస్ 1 ఉన్నా తేమ 30 శాతమే అయితే మంచు తయారవుతుంది. గాలి మైనస్ 1 ఉండి తేమ 95 శాతమైతే వెట్ బల్బ్ మైనస్ 1.3 దగ్గరే ఆగిపోతుంది, గన్ నోట్లోంచి వచ్చేది ఉత్త నీళ్లే. 1950లో అమెరికాలోని కనెక్టికట్‌లో, కంప్రెసరూ స్ప్రే నాజిలూ తోట పైపూ కలిపి మొదటిసారి ఈ పని చేశారు. నేటి యంత్రాలు ఎంత పెద్దవైనా సూత్రం అదే: సన్నటి తుంపరని చల్లగాలిలోకి చిమ్మడం, అందులో కొంత ఆవిరై మిగతాదాన్ని గడ్డకట్టించడం. లెక్క సొగసైంది. ఆవిరయ్యే గ్రాము 600 క్యాలరీలు తీసుకెళ్తుంది, గడ్డకట్టే గ్రాము వదిలించుకోవాల్సింది 80. అంటే వందలో 12 వంతుల నీరు ఆవిరైతే మిగిలిన 88 వంతులూ గడ్డకట్టడానికి సరిపడా వేడి పోతుంది.

ఒక చిక్కుంది. స్వచ్ఛమైన చిన్న నీటిబొట్టు సున్నా దగ్గర బుద్ధిగా గడ్డకట్టదు, మైనస్ 38 దాకా కూడా నీరుగానే మొండికేయగలదు. గడ్డకట్టడం మొదలవ్వాలంటే ఒక అచ్చు కావాలి. దుమ్ము కణం చాలు. అంతకన్నా గొప్ప అచ్చు సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా ఒంటి మీది ప్రోటీన్. సున్నాకి రెండు మూడు డిగ్రీల కిందే నీటిని గడ్డకట్టించేస్తుంది. మొక్కల ఆకుల మీద బతుకుతూ వాటికి మంచుదెబ్బ తగిలించే పురుగు ఇది. దాన్ని చంపి పొడి చేసి స్నో గన్ నీళ్లలో కలుపుతారు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ పోటీలు దాదాపు పూర్తిగా కృత్రిమ మంచు మీదే జరిగాయి. అక్కడ సహజమంచు తక్కువే గానీ చలికాలపు గాలి ఎముకలా పొడిగా ఉంటుంది, గన్‌లకి కావలసింది అదే. మన దేశంలో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఇలాంటి యంత్రాలు తెచ్చారు.

యంత్రాలతో పని కానిచోట మనుషులు పైకి చూస్తారు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ నేల ఎండిపోయి కనిపించింది. చిల్లై కలాన్ చాలావరకు మంచు లేకుండానే గడిచి, నెలాఖరుకి గానీ కురవలేదు. కశ్మీర్ మసీదుల్లో ప్రత్యేక ప్రార్థనలు చేశారు. మన పల్లెల్లో రోకలికి కప్పని కట్టి నీళ్లు పోసి కప్పతల్లి ఆడించడం గుర్తొచ్చింది నాకు. నీళ్ల కోసం మొక్కుకునేవాళ్ల మీద నాకు కోపం రాదు. పదిహేను రోజుల తర్వాత ఫలానా తేదీన మంచు గ్యారంటీ అని వాట్సాప్‌లో పంపేవాళ్ల మీద వస్తుంది. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలే గుల్‌మార్గ్‌లో మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిగాయి.

కురిసిందనుకుందాం. తొలిమంచు మీద స్కీయింగ్ ఎలా ఉంటుంది? కింద గుల్‌మార్గ్ మైదానంలో పల్చగా, రాళ్లు తగిలేలా ఉంటుంది. గండోలాలో (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ ఎక్కి సుమారు 3,950 మీటర్ల దగ్గరికి పోతే దాదాపు ఎనిమిది డిగ్రీలు చల్లన, మంచు మందంగా ఉంటుంది. కానీ అది నేర్చుకునేవాళ్ల చోటు కాదు. పైగా తొలిమంచుకి ఒక కనబడని జబ్బుంది. అడుగున నేల వెచ్చదనం మిగిలి ఉండి సున్నా దగ్గర ఉంటుంది, 30 సెంటీమీటర్ల పైన ఉపరితలం మేఘాల్లేని రాత్రి మైనస్ 15కి పోతుంది. అంటే మీటరు మందానికి 50 డిగ్రీల చొప్పున తేడా. 10 దాటితేనే చాలు, అడుగు మంచులోంచి ఆవిరి పైకి పాకి, ఒకదాన్నొకటి పట్టుకోని పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలుగా మారుతుంది. జనవరిలో పెద్ద మంచు వచ్చి ఈ పలుకుల మీద కూర్చుంటే, వాలు మీద ఆ బరువంతా జారిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. నవంబర్‌లో తొందరపడి కురిసి ఆగిపోయిన మంచుని కొండ మనుషులు సంబరంగా చూడరు, అందుకే.

నేలమీద మంచు నిలవాలంటే మళ్లీ కూలర్ దగ్గరికే, కానీ ఈసారి లెక్క తిరగబడుతుంది. గాలి పొడిగా ఉంటే మంచు ఉపరితలం కొద్దికొద్దిగా ఆవిరవుతూ తనని తాను చల్లబరుచుకుంటుంది. ఎండకాసి ప్లస్ 5 ఉన్నా బాగానే తట్టుకుంటుంది. అదే తేమ నిండిన గాలి వీచిందా, గాలిలోని ఆవిరి మంచు మీద నీరుగా వాలుతుంది. ఆవిరయ్యేటప్పుడు గుంజుకున్న 600 క్యాలరీలనూ ఇప్పుడు మంచు ఒంటిమీద దింపుతుంది. ఒక గ్రాము ఆవిరి వాలితే ఏడున్నర గ్రాముల మంచు కరుగుతుంది. వానని దీంతో పోల్చి చూడండి. 5 డిగ్రీల వాన 10 మిల్లీమీటర్లు పడితే, తన వెచ్చదనంతో అది కరిగించగలిగేది మిల్లీమీటరు నీటికన్నా తక్కువే, 0.6. మంచు మీద పొగలా పాకే తేమగాలి నుంచి ఒక్క మిల్లీమీటరు ఆవిరి వాలితే మాత్రం ఏడున్నర మిల్లీమీటర్ల నీరు కరిగిపోతుంది. చినుకు చప్పుడు లేదు, ఎండ లేదు, యాప్‌లో ప్లస్ 4 అని మామూలుగానే ఉంటుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

అందుకని మావాడికి డ్యూ పాయింట్ అనే గడి ఎక్కడుందో యాప్‌లో చూపించాను. గాలిలోని ఆవిరి నీరుగా వాలడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత అది. అది సున్నాకి పైన ఉంటే మంచు తరుగుతున్నట్టు, బాగా కింద ఉంటే ప్లస్ 5 చూసి కంగారు పడక్కర్లేదు. వెట్ బల్బ్ గడి చాలా యాప్‌లలో ఉండదు. ఉష్ణోగ్రతా డ్యూ పాయింటూ తెలిస్తే దాన్ని వేలితో కట్టుకోవచ్చు: రెంటికీ మధ్య, సున్నా పరిసరాల్లో ఉష్ణోగ్రతకే కాస్త దగ్గరగా ఉంటుంది.