కార్తీకంలో ముసురు, టీకాల ఫ్రిజ్

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన పశువుల ఆసుపత్రిలో సహాయకుడు. "మే నెలలో కరెంటు పోయినప్పుడల్లా టీకాలు పాడైపోతాయేమోనని మాకు టెన్షన్. మా డాక్టర్ గారు మాత్రం కార్తీకంలో ముసురు పట్టిందంటే చాలు, ఫ్రిజ్ చుట్టూ తిరుగుతుంటారు. చల్లగా ఉంటే టీకాకు మంచిదే కదా సార్?"

ఆ డాక్టర్ గారికి నా నమస్కారం. ఆయన పడుతున్న టెన్షన్ సరైనదే.

టీకా ఎలా పనిచేస్తుందో బడిలో చదువుకున్నదే కాబట్టి దాని జోలికి పోను. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలన్నది కూడా చాలామందికి తెలుసు. అయితే ఆ రెండు అంకెల్లో మనకు భయం ఎప్పుడూ 8 వైపే. ఫ్రిజ్ 8 దాటి 12కు పోతే టీకా బలం మెల్లగా తగ్గుతుంది, గంటలూ రోజులూ పడుతుంది. అదే సున్నా కిందికి జారితే, కొన్ని టీకాలు తెల్లారేసరికి పనికిరాకుండా పోతాయి. కొన్ని అని ఎందుకంటున్నానంటే, కుక్కలకు వేసే డిస్టెంపర్, పార్వో టీకాలు, మేకలకూ గొర్రెలకూ వేసే పీపీఆర్ టీకా లాంటివి ఎండబెట్టిన పొడి రూపంలో వస్తాయి. వాటికి గడ్డకట్టే భయం తక్కువ, వేడి భయం ఎక్కువ. చంపిన వైరస్‌ను అల్యూమినియం జెల్‌కు అంటించి తయారుచేసే టీకాల సంగతి దీనికి తలకిందులు. కుక్కలకు వేసే రేబిస్ టీకాల్లో చాలావరకు ఈ రకమే.

ఈ అల్యూమినియం కథ మన పటికతోనే మొదలైంది. 1926లో అలెగ్జాండర్ గ్లెన్నీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త డిఫ్తీరియా టీకా మందులో పటిక కలిపి చూశాడు. టీకా ఎన్నో రెట్లు బాగా పనిచేసింది. బురద నీళ్లలో పటిక తిప్పితే మట్టి రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని అడుక్కి దిగుతాయి కదా, ఆ దృశ్యం గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

సీసాలో జెల్ రేణువులు పాలలా తెల్లగా, సమంగా పరచుకుని ఉంటాయి. వాటన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరంగా ఉంటాయి. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోని ఒక కంపార్ట్‌మెంటు ఊహించుకోండి. జనం నిండుగా ఉన్నారు, కానీ ఎవరి చోటు వారికి ఉంది. ఇప్పుడు ఆ గది గోడలే నాలుగు వైపుల నుంచీ లోపలికి జరగడం మొదలుపెట్టాయనుకోండి. సీసాలో మంచు పెరగడమంటే అదే.

మంచు స్ఫటికం నీటి అణువులను తప్ప దేన్నీ తనలోకి రానివ్వదు. చిన్నప్పుడు పుల్ల ఐసు తిన్నవాళ్లందరికీ ఈ సంగతి నాలుకకు తెలుసు. గట్టిగా జుర్రితే రంగూ తీపీ ముందు వచ్చేస్తాయి, పుల్లకు చప్పటి తెల్లమంచు మిగులుతుంది. గడ్డకట్టేటప్పుడు నీరు పంచదారనూ రంగునూ పక్కకు నెట్టేసింది కాబట్టే అలా అవుతుంది. బడిలో "నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది" అని రాయించి వదిలేస్తాం. దాంట్లో కరిగి ఉన్నది ఎక్కడికి పోతుందని ఏ పిల్లాడైనా అడిగితే ఆ రోజు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఒక్క పుల్ల ఐసుతో పీరియడ్ అంతా నడిపేవాణ్ని.

సరే, గోడలు జరుగుతున్నాయి. జెల్ రేణువులు, వాటితోపాటు ద్రవంలోని ఉప్పు, మిగిలిన సన్నని సందుల్లోకి కుక్కుకుపోతాయి. ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. ద్రవంలో మామూలుగా 0.9 శాతం ఉప్పు ఉందనుకుందాం. మైనస్ 5 డిగ్రీల దగ్గర గడ్డకట్టకుండా మిగిలిన ద్రవంలో ఉప్పు దాదాపు 8 శాతం, అంటే 9 రెట్లు చిక్కన. ఉప్పులోని అయాన్లు రేణువుల చుట్టూ చేరి వాటి ఆవేశాన్ని కప్పేస్తాయి. వికర్షణ ఎంత దూరం పనిచేస్తుందన్నది ఉప్పు గాఢత వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. గాఢత 9 రెట్లయితే ఆ దూరం మూడో వంతుకు పడిపోతుంది. క్యూలో చెప్పాలంటే, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న జానెడు ఎడం కూడా పోయింది, వెనకనుంచి తోపులాట ఆగలేదు. అప్పుడు పిల్లాపాపలతో వచ్చినవాళ్లు ఏం చేస్తారు? చేతులు గట్టిగా పట్టుకుంటారు. రేణువులూ అంతే, ఒకదాని ఉపరితలం ఒకదానికి అతుక్కుపోతుంది. తెల్లారి మంచు కరిగి గోడలు వెనక్కి వెళ్లినా ఆ చేతులు విడిపోవు. పటిక బురదకు చేసిన పనే మంచు టీకాకు చేసింది. టీకా మందులో ఎక్కువ భాగం ఆ ముద్దల లోపల చిక్కుకుపోతుంది. ఒక డోసులో ముద్ద ఎక్కువ వస్తుంది, ఇంకో డోసులో నీళ్లే వస్తాయి.

ఇక ఫ్రిజ్ సంగతి. ఒకే తలుపున్న ఇంటి ఫ్రిజ్‌లో నాబ్ మీది 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. లోపలి పలక ఎంత చల్లబడితే కంప్రెసర్ ఆగాలో చెప్పేవి. తిరుపతిలో మే నెల వేడికి బయటి నుంచి లోపలికి వేడి ధారాళంగా చొరబడుతుంది కాబట్టి నాబ్ 6 మీద పెట్టినా అరల్లో 5 డిగ్రీలే ఉండొచ్చు. ఈశాన్య రుతుపవనాలు వచ్చి గది చల్లబడ్డాక చొరబడే వేడి తగ్గుతుంది, నాబ్ మాత్రం 6 మీదే ఉంటుంది. ఫ్రీజర్ కింద ట్రేలో పెట్టిన సీసాలు రాత్రిపూట సున్నా కిందికి జారతాయి. ఉదయం 9 గంటలకు తలుపు తీసి థర్మామీటరు చూసి పుస్తకంలో "4" అని రాస్తారు. రాత్రి 3 గంటలకు ఏం జరిగిందో ఆ 4 చెప్పదు. అందుకే కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటరు కావాలి, లేదా కొన్ని నిమిషాలకోసారి తనంతట తాను రాసుకునే లాగర్ కావాలి. దాని కొసను గాలికి వదలకుండా చిన్న సీసాలోని ద్రవంలో ముంచి ఉంచాలి. తలుపు తీస్తే గాలి క్షణాల్లో వేడెక్కుతుంది, సీసాలో మందు వేడెక్కదు. మరీ పెద్ద సీసా పెట్టినా మోసమే. నా అంచనా లెక్కలో 1 మిల్లీలీటరు టీకా సీసా చుట్టూ ఉన్న చలికి సర్దుకోవడానికి పది నిమిషాలు పడితే, 100 మిల్లీలీటర్ల సీసాకు గంట పడుతుంది. ఆ గంటలో చిన్న సీసా గడ్డకట్టి ఉండొచ్చు.

టీకా వేయించిన మందలో రోగం వస్తే ఊళ్లో మొదట వినిపించే మాట దిష్టి. కొట్టం గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడతాయి. ఆ రైతును నేను తప్పుపట్టను. సీసా ఏ రాత్రి ఎక్కడ గడ్డకట్టిందో ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

ఇంకో చిక్కు ఉంది. లాగర్ మైనస్ 1 చూపించినంత మాత్రాన సీసా గడ్డకట్టిందని కాదు. కదలకుండా ఉన్న ద్రవం సున్నా కింద కూడా చాలాసేపు ద్రవంగానే ఉండగలదు. మొదటి మంచు గింజ ఎప్పుడు పుడుతుందన్నది ఒక్కో సీసాకు ఒక్కోలా ఉంటుంది. తేల్చుకోవడానికి షేక్ టెస్ట్ అనే పరీక్ష ఉంది. పిల్లల టీకాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతి అది. అల్యూమినియం జెల్ ఉన్న టీకాలకే పనికొస్తుంది, నూనె కలిపిన టీకాలకు కాదు.

దాన్ని తిరుపతిలో నాకు తెలిసిన ఒక పశువైద్యురాలి క్లినిక్‌లో చూశాను. నవంబరులో ముసురు పట్టిన వారం. లాగర్ కనిష్ఠం మైనస్ 1.4. ట్రేలో ఒకే బ్యాచ్‌కు చెందిన 10 మిల్లీలీటర్ల రేబిస్ టీకా సీసాలు నాలుగు ఉన్నాయి. ఆమె ఒకదాని మీద పెన్నుతో గుర్తు పెట్టి, మిగతావాటితో పోల్చి చూడటానికి కావాలనే రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, మర్నాడు పూర్తిగా కరగనిచ్చారు. తర్వాత నాలుగింటినీ కలిపి పట్టుకుని బాగా కుదిపి, కిటికీ పక్కన స్టీలు బల్ల మీద వరసగా నిలబెట్టారు. రేణువు వ్యాసం రెట్టింపయితే అడుక్కి దిగే వేగం నాలుగు రెట్లవుతుంది, అందుకే ముద్దలు తొందరగా దిగిపోతాయి. గుర్తు పెట్టిన సీసాలో కొద్ది నిమిషాల్లోనే పైన తేట నీళ్లు తేలాయి. కింద విరిగిన పాలలా తునకలు. మిగిలిన మూడింటిలో రెండు అచ్చం దాని లాగే విడిపోయాయి. ఒకటి మాత్రం తెల్లగా, సమంగా అలాగే నిలిచింది.

"అది బాగానే ఉంది కదా మేడమ్?" అన్నాను.

"పరీక్ష ప్రకారం బాగానే ఉంది సార్. కానీ ఇది రేబిస్ టీకా. అనుమానంతో ఏ కుక్కకూ వేయను" అని నాలుగింటినీ పక్కన పడేశారు. ట్రే ఖాళీ చేసి అందులో నీళ్ల సీసాలు పెట్టారు. కొత్త టీకాలను మధ్య అరలోకి మార్చి, నాబ్‌ను 6 నుంచి 3కు తిప్పారు. మర్నాడు ఉదయం ఫోన్ చేసి అడిగితే, రాత్రి కనిష్ఠం 3.1 అన్నారు.