మార్కో పోలో చైనా వెళ్లాడా? భత్యం లెక్కల్లో దొరికిన జవాబు

పదమూడో శతాబ్దపు వెనిస్ యాత్రికుడు మార్కో పోలో నిజంగా చైనాలో ఉన్నాడా, నల్లసముద్రం దాటకుండానే విన్న కబుర్లను చూసినట్లు చెప్పాడా అన్న వాదన మళ్లీ మొదలైంది. చైనాను ఏలిన మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ కొలువు, జెనోవా చెరలో 1298లో తోటి ఖైదీ రుస్తికెల్లో చేత కథ రాయించడం అందరికీ తెలిసినవే. ఈ తగవు తేలాలంటే 1290 నాటి ఒక భత్యం లెక్క చూడాలి.

పర్షియా పాలకుడు అర్ఘున్‌కు వధువుగా కోకచిన్ అనే రాకుమారిని ఓడల మీద తీసుకువెళ్లిన బృందంలో తండ్రి, ఆయన సోదరుడితో కలిసి తానూ ఉన్నానని పోలో చెప్పాడు. ముగ్గురు దూతల పేర్లూ చెప్పాడు: ఉలతాయ్, అపుస్క, కోజ. 1941లో చైనా చరిత్రకారుడు యాంగ్ జిజియు ఆ ముగ్గురినీ కనుగొన్నాడు. మింగ్ చక్రవర్తి యోంగ్లె కాలపు విజ్ఞాన సర్వస్వంలో మిగిలిన భాగాల్లో, యువాన్ (మంగోల్ వంశం) పాలనలోని అంచె మజిలీల పత్రాల మధ్య ఒక అధికారి విన్నపం ఉంది. ఉలుదాయ్, అబిష్క, ఖోజా దక్షిణ భారత తీరంలోని మాబార్ మీదుగా అర్ఘున్ దగ్గరకు వెళుతున్నారు. వెంట 160 మంది. 90 మందికి భత్యం ముట్టింది. మిగిలిన 70 మంది కానుకగా వచ్చినవారు, కొనుక్కున్నవారు కాబట్టి వారికి ఇవ్వనక్కరలేదు. రాజుల చరిత్రలకెక్కని గుమాస్తా కాగితం ఇది. ఆ మూడు పేర్లు వెనిస్‌వాసికి ఎలా తెలిశాయి?

అందులో పోలో పేరు లేదన్నది నిజమే. అయితే ముఖ్య దూతలు ముగ్గురు తప్ప ఆ 160 మందిలో ఎవరి పేరూ లేదు.

1995లో బ్రిటిష్ చరిత్రకారిణి ఫ్రాన్సెస్ వుడ్ పుస్తకం అనుమానాన్ని ఇంటింటికీ చేర్చింది. మహాకుడ్యం, తేనీరు, ఆడపిల్లల పాదాలు బిగించి కట్టే ఆచారం ఎందుకు ప్రస్తావించలేదని ఆమె అడిగారు. మనం నేడు చూసే గోడ ప్రధానంగా మింగ్ కాలపుది, పోలో తర్వాతిది. మంగోలులు చేసిన షియాంగ్‌యాంగ్ నగర ముట్టడికి యంత్రాలు చేయించామన్న గొప్ప మాత్రం నిలవదు. ఆ నగరం 1273లోనే, పోలోలు రాకముందే లొంగిపోయింది.

గొప్పలు చెప్పినవాడు ప్రయాణమే చేయలేదనడం తొందరపాటు. 2012లో జర్మన్ పండితుడు హాన్స్ ఉల్రిచ్ ఫోగెల్ నోట్లు, ఉప్పు, పన్నుల వివరాలను చైనా పత్రాలతో సరిపోల్చాడు. మల్బరీ బెరడుతో చేసిన నోట్లు, చిరిగినవి మార్చుకుంటే నూటికి మూడు రుసుము, యునాన్‌లో చెల్లే గవ్వలు: వర్తకుడి కొడుకు కంటికి ఆనేవి ఇవే. మన మోటుపల్లి ప్రాంతాన్ని ఏలిన రాణిని రాజుగారి వితంతువుగా రాశాడు. రుద్రమదేవి గణపతిదేవుని కూతురు. బంధుత్వం తప్పింది గానీ, వజ్రాలు, సన్నని వస్త్రాల ముచ్చట తప్పలేదు.

ముగ్గురు దూతల్లో ప్రాణాలతో మిగిలింది ఖోజా ఒక్కడేనని పోలో మాట. పర్షియా చరిత్రకారుడు రషీద్ అల్-దీన్ కోకచిన్ రాకను నమోదు చేశాడు. ఆమెను తెచ్చిన దూతల్లో అతడు రాసిన పేరు ఒక్కటే, ఖోజా.