పట్టాల పక్కన మరో పట్టా

కొత్తవలస వైపు రైల్వే గేటు దాటే లారీ డ్రైవర్ల చూపు ముందుగా పైకే వెళ్తుంది. గేటుకు రెండు వైపులా 4.67 మీటర్ల ఎత్తున హైట్ గేజ్, అంటే బండి ఎత్తును కొలిచే అడ్డకమ్మీ ఉంటుంది. దాని కింద పట్టే బండి 25,000 వోల్టుల తీగకు తగలదు. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం వచ్చే లైనుకు 1980ల ఆరంభంలో కరెంటు వచ్చినప్పటి నుంచి విశాఖ వాసులకు రైలు కరెంటంటే నెత్తిమీద ఉండేదే.

నేలమీద ఉండే పద్ధతీ ఒకటుంది: రైలు నడిచే రెండు పట్టాల పక్కనే కరెంటు ఇచ్చే మూడో పట్టా. కోల్‌కతా మెట్రో 1984లో, బెంగళూరు మెట్రో 2011లో మొదలైంది 750 వోల్టుల మూడో పట్టాతోనే. హైదరాబాద్ మాత్రం తీగను ఎంచుకుంది. విశాఖ మెట్రో మాట నడుస్తున్న ఈ రోజుల్లో మూడో పట్టా చరిత్ర తెలుసుకోవడం అవసరం.

1906 ప్రాంతంలో న్యూయార్క్ సెంట్రల్ రైల్వే ఇంజినీరు విల్గస్, విద్యుత్ నిపుణుడు స్ప్రేగ్ ఒక కొత్త రకం మూడో పట్టాను రూపొందించారు. దానికి పైన, పక్కల కప్పు ఉంటుంది. రైలు అడుగున ఉండే షూ అనే లోహపు ముక్క ఆ పట్టాను కింది నుంచి తాకి కరెంటు తీసుకుంటుంది. మంచు పేరుకోదు, పనివాడి కాలు పొరపాటున తగలదు. ప్రాణాలు కాపాడాలన్న తపనతో పుట్టిన పట్టా అది.

2015 ఫిబ్రవరి 3 సాయంత్రం, న్యూయార్క్ శివారు వల్హల్లాలో లెవెల్ క్రాసింగ్ దగ్గర పట్టాల మీదికి వచ్చిన కారును, ఆ రకం పట్టాతోనే నడిచే మెట్రో నార్త్ శివారు రైలు ఢీకొంది. రైలు తోసుకుపోతుంటే కారు మూడో పట్టాను పెకలించింది. ఆ పట్టా కారులోంచి దూసుకెళ్లి, రైలు మొదటి పెట్టెలోకి ముక్కలు ముక్కలుగా చొచ్చుకుపోయింది. మంటలు లేచాయి. కారు నడిపిన మహిళ, అయిదుగురు ప్రయాణికులు చనిపోయారు. నష్టం ఇంత తీవ్రం కావడానికి ఆ పట్టా, మంటలు కారణమయ్యాయని అమెరికా రవాణా భద్రతా సంస్థ 2017లో తేల్చింది. మూడో పట్టా ఉన్న క్రాసింగ్‌లలో ముప్పును అంచనా వేయించాలని సిఫారసు చేసింది. వోల్టేజీ చుట్టూనే తిరిగిన భద్రతా చర్చ, కారు గుద్దితే ఆ ఇనుము ఎటు వంగుతుందన్న ప్రశ్నకు నూరేళ్ల తర్వాత చేరిందంటే నాకు బాధ కలుగుతుంది.

విశాఖలో 46.23 కిలోమీటర్ల తొలి దశను స్తంభాల మీద ప్రతిపాదించారు కనుక గేట్లు ఉండవు, వల్హల్లా ముప్పూ ఉండదు. అయితే స్టేషన్ల మధ్య రైలు ఆగిపోతే ప్రయాణికులు వంతెన మీదుగా నడవాలి. మూడో పట్టాను ఎంచుకుంటే నడకదారి దానికి ఎంత దూరంలో ఉండాలో, కరెంటు ఆగిందని డ్రైవరుకు ఎవరు ధ్రువీకరించాలో డిజైన్ దశలోనే రాసుకోవాలి. ఆ ధ్రువీకరణ అందేదాకా తలుపులు తెరవకూడదు.