మాట్లాడే పెట్టెకు పేరెందుకు ఉండదు?

ఇంజినీరింగ్ కాలేజీల్లో పాత ల్యాబ్ సామాను వేలం వేసినప్పుడో, అంధుల హాస్టళ్లలో స్టోర్‌రూమ్ సర్దినప్పుడో వరంగల్, హన్మకొండల్లో అదేమిటో ఎవరూ చెప్పలేని పెట్టె ఒకటి బయటపడొచ్చు. ముందువైపు స్పీకర్ జాలీ, పక్కన వాల్యూమ్ నాబ్, వెనక 25 పిన్నుల పోర్టు ఉంటాయి. కంపెనీ స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయి జిగురు మరక మిగిలి ఉంటుంది. చూసినవాళ్లు మోడెం అనుకుంటారు, తూకానికి వేసేస్తారు. కానీ కంప్యూటర్ పంపిన అక్షరాలను పైకి చదివే స్పీచ్ సింథసైజర్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. సౌండ్ కార్డుతో మాట వినడం మామూలు కాకముందు అంధులు కంప్యూటర్ వాడాలంటే ఇలాంటి పెట్టే దిక్కు. అమెరికాలోని బంధువులో దాతలో పంపిన పాత కంప్యూటర్లతో పాటు ఇవీ రావడంలో వింతేమీ లేదు. వింతల్లా దాని పేరు కనుక్కోవడం ఇంత కష్టం కావడమే. ఆ కష్టానికి 1970ల నుంచి వస్తున్న కారణాలున్నాయి.

మాట్లాడే చిప్ మొదట అంధుల కోసమే పుట్టింది. బర్క్‌లీలో అంతరిక్ష భౌతికశాస్త్రం చెప్పే ఫారెస్ట్ మోజర్ మాటను కుదించి చిన్న మెమరీలో పెట్టే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని వాడుకుని టెలిసెన్సరీ సిస్టమ్స్ 1976లో ‘స్పీచ్ ప్లస్’ అనే మాట్లాడే క్యాలిక్యులేటర్ తెచ్చింది. దానికి వచ్చిన మాటలు 24. అందులోని ఎస్14001ఏ చిప్పే తర్వాత ‘బెర్జెర్క్’ వీడియో గేమ్‌లో రోబోల గొంతయింది. మోజర్ పద్ధతితోనే నేషనల్ సెమీకండక్టర్ 1980లో ‘డిజిటాకర్’ను అమ్మింది. దాని కిట్‌లో 137 మాటలు, రెండు ధ్వనులు, ఐదు రకాల విరామాలు ఉండేవి. కాజీపేట జంక్షన్‌లో రైలు నంబర్ల అనౌన్స్‌మెంట్ వినేవాళ్లకు ఈ ధోరణి తెలిసిందే: విడివిడి మాటలను వరుసగా అతికించడం. జాబితాలో లేని మాట ఒక్కటీ దాని నోట రాదు.

1978లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ‘స్పీక్ అండ్ స్పెల్’ బొమ్మతో ఇంకో దారి పట్టింది. మాటను రికార్డుగా కాకుండా, గొంతు ఏ క్షణంలో ఏ ఆకారంలో ఉందో చెప్పే గుణకాలుగా నిల్వ చేసింది. పేర్ల గొడవ మొదలైంది కూడా ఇక్కడే. బొమ్మలోని చిప్ మీద టీఎంసీ0281 అని ఉంటుంది, కేటలాగ్‌లో దాని పేరు టీఎంఎస్5100. తర్వాత వచ్చిన టీఎంఎస్5220ను ఎవరెవరో కొని తమ బోర్డుల్లో పెట్టుకున్నారు. యాపిల్ టూ కంప్యూటర్‌కు వచ్చిన ‘ఎకో టూ’ కార్డులో ఉన్నది అదే, బీబీసీ మైక్రోలో ఉన్నదీ అదే. పెట్టె మీద ఒక కంపెనీ పేరు, లోపలి గొంతు మరొకరిది.

మూడో దారి వోట్రాక్స్ కంపెనీది. రిచర్డ్ గాగ్నన్ రూపొందించిన ఎస్‌సీ-01 చిప్ 1980లో వచ్చింది. దీనికి మాటలు రావు, శబ్దాలే వస్తాయి. ఆరు బిట్ల కోడ్ ఇస్తే 64లో ఒకటి పలుకుతుంది. అర్థమయ్యే మాట రప్పించడం ఎంత కష్టమంటే, ‘క్యూబర్ట్’ గేమ్ చేసినవాళ్లు విసిగిపోయి దానికి ఏవో కోడ్‌లు ఇష్టమొచ్చినట్టు పంపి ఊరుకున్నారు. ఆ గేమ్‌లో వినిపించే అర్థంలేని తిట్లు అలా పుట్టినవే. దీని తర్వాతి చిప్‌ను వోట్రాక్స్ ఎస్‌సీ-02 అంది. అదే చిప్ సిలికాన్ సిస్టమ్స్ ముద్రతో ఎస్ఎస్ఐ-263 అయింది. 1987లో అంధుల కోసం వచ్చిన ‘బ్రెయిల్ అండ్ స్పీక్’ అనే చిన్న నోట్ పరికరం గొంతు దానిదే. రెండు పేర్లు చూసి రెండు చిప్‌లనుకుంటే వెతుకులాట అక్కడే దారి తప్పుతుంది.

అన్నిటికన్నా తికమక పెట్టేది జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వారి ఎస్‌పీ0256. చిప్ ఒకటే. లోపలి రెండు కిలోబైట్ల రోమ్‌లో (తయారీలోనే రాసేసిన మెమరీలో) ఏం రాశారన్నది మాత్రం పేరు చివరి తోకలో ఉంటుంది. 012 అని ఉంటే ఇంటెలివిజన్ గేమ్‌ల కోసం చేసింది, 017 అని ఉంటే మాట్లాడే గడియారం. ఏఎల్2 అని ఉంటే ఇంగ్లిష్ శబ్దాలు 59, వాటికి తోడు ఐదు విరామాలు. తోక అరిగిపోయిన చిప్ దొరికితే అది ఏం మాట్లాడుతుందో పైనుంచి చూసి చెప్పలేం.

కాబట్టి పెట్టె చేతికి రాగానే ప్లగ్గులో పెట్టడం సరైన పని కాదు. అమెరికా నుంచి వచ్చిన అడాప్టర్ 120 వోల్టులది కావచ్చు. మన 230 వోల్టులకు అది కాలిపోతుంది, పోతూ పోతూ లోపలి బోర్డునూ తీసుకుపోవచ్చు. ముందు మూత విప్పి రెండు వైపులా ఫొటోలు తీయాలి. తర్వాత పెద్ద చిప్‌ల కాళ్లు లెక్కపెట్టాలి. 22 కాళ్లుంటే ఎస్‌సీ-01ను, 24 ఉంటే ఎస్ఎస్ఐ-263ను అనుమానించొచ్చు. 28 ఉంటే ఎస్‌పీ0256, టీఎంఎస్5220 రెండింటిలో ఏదైనా కావచ్చు. అప్పుడు చిప్ వేగాన్ని నిర్ణయించే క్రిస్టల్ చూడాలి. దాని మీద 3.12 మెగాహెర్ట్జ్ అని ఉంటే ఎస్‌పీ0256 అన్న నమ్మకం బలపడుతుంది. చిప్‌కు మైనస్ ఐదు వోల్టులు అందించే ఏర్పాటు కనిపిస్తే టీఎంఎస్5220 వైపు మొగ్గాలి. చిప్ మీది నాలుగంకెల ముద్ర సాధారణంగా తయారైన తేదీ: 8231 అంటే 1982లో 31వ వారం. దీన్ని మోడల్ నంబరనుకుని నెట్‌లో వెతికితే ఏమీ దొరకదు.

ఈ చిప్‌లేవీ కనబడకుండా ఒక ప్రాసెసర్, పక్కన కిటికీ ఉన్న ఈప్రోమ్‌లు (ప్రోగ్రామ్ దాచే మెమరీ చిప్‌లు) మాత్రమే ఉంటే అది తర్వాతి తరం పెట్టె. డెనిస్ క్లాట్ పరిశోధన ఆధారంగా 1984లో వచ్చిన ‘డెక్‌టాక్’ ఈ తరానికి పెద్దన్న. ఇందులో గొంతు మొత్తం ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది గనుక చిప్‌ల నంబర్లు పెద్దగా ఉపయోగపడవు, పలకరించి చూడాల్సిందే. ఒక్కో కంపెనీ ఆజ్ఞలు ఒక్కో తీరు. వేగం మార్చాలంటే డెక్‌టాక్‌కు చదరపు బ్రాకెట్లలో కోలన్, ఆర్ఏ, అంకె పంపాలి. బ్రిటన్ నుంచి వచ్చిన ‘అపోలో’ అయితే ఎట్ గుర్తు, డబ్ల్యూ అడుగుతుంది. ‘డబుల్‌టాక్’కు ముందు కంట్రోల్-ఏ వెళ్లాలి. తనది కాని ఆజ్ఞ వచ్చినప్పుడు పెట్టె దాన్ని మామూలు అక్షరాల్లా చదివేయొచ్చు. తనదైతే కిమ్మనకుండా వేగం మార్చుకుంటుంది. నా లెక్కలో ఇంతకు మించిన ఆనవాలు లేదు. ఈ ఆజ్ఞలన్నీ ఒకచోట కావాలంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లోని ‘స్పీకప్’ డ్రైవర్ల కోడ్ చూడాలి. పదేళ్ల పాటు కెర్నెల్ పంచన పడి ఉన్న ఆ డ్రైవర్లకు 2020లో 5.9 వెర్షన్‌తో అసలు ఇంట్లో చోటు దొరికింది. ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీ 1959 నుంచీ ఉంది, ఆ కోడ్ చదవగలిగేవాళ్లకు వరంగల్‌లో కొదవ లేదు.

పెట్టె బాగుపడిందనగానే వచ్చే ప్రశ్న తెలుగు చదువుతుందా అని. ఏఎల్2 చిప్‌తో ‘ఓరుగల్లు’ అనిపించాలంటే పంపాల్సిన అంకెలు ఇవి: 53, 14, 30, 1, 61, 15, 45, 45, 30. మొదటి 53 ఓకారం, 14 రేఫ, 30 ఉకారం. నాలుగోదైన 1 ముప్పై మిల్లీసెకన్ల మౌనం, గకారానికి ముందు అది లేకపోతే హల్లు సరిగా విచ్చుకోదు. ద్విత్వం కోసం 45ను రెండుసార్లు పంపాలి. ఇదంతా చేసినా ఓకారం చివర్లో ఇంగ్లిష్ వాళ్ల పలుకులా వకారం వైపు జారుతుంది. ‘ఓరుగల్లు’ అయినా నయం. ‘హన్మకొండ’లోని ణ్డ కోసం ఎంత వెతికినా ఆ 59లో దొరకదు. త, ట తేడా కూడా అంతే. ఇది చిప్ లోపం కాదు, ఇంగ్లిష్ కోసం ఏరుకున్న శబ్దాల పట్టిక అది. తెలుగు వినాలనుకునేవాళ్లకు డబ్బు ఖర్చు లేకుండా ఈస్పీక్ అనే మాట పలికే సాఫ్ట్‌వేర్ ఉంది, తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏతో కలిసి పనిచేస్తుంది. ఆ పనికి ఈ పెట్టెను నమ్ముకోమని ఎవరికీ చెప్పను.

ఈప్రోమ్ కిటికీ మీది స్టిక్కర్‌ను మాత్రం వెర్షన్ నంబర్ చూసుకున్నాక కూడా పీకకూడదు. కిటికీలోంచి అల్ట్రావయొలెట్ కాంతి పడే కొద్దీ లోపలి ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. ఈప్రోమ్ ప్రోగ్రామర్ ఉన్న ల్యాబ్‌కు తీసుకెళ్లి అందులోని డేటాను ఫైలుగా కాపీ చేయించుకోవడం మొదటి పని, కరెంటు ఇవ్వడం ఆ తర్వాతే. సాకెట్‌లో ఉన్న చిప్‌లైతే ఇది కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. బోర్డుకు సోల్డర్ చేసి ఉంటే చెయ్యి తిరిగిన మెకానిక్ కావాలి.